మీ కాపీ దిద్దేదెవరు?

జర్నలిజం చదవాలనుకునే పిల్లలు, చదివించాలా వద్దా అని తర్జనభర్జన పడే తల్లిదండ్రులు కాలేజీ గడప తొక్కగానే అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది.

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలోనో, డిగ్రీ ఆఖరి సెమిస్టర్ అయిపోయాకో 'నేను జర్నలిజం చదువుతా' అని పిల్లలు చెబితే ఇంట్లో ముందుగా వచ్చే మాట 'ఉద్యోగం వస్తుందా?' అని. ఆ తర్వాత 'ఏ కాలేజీ మంచిది?' అని. మొదటిదానికి జవాబు చాలావరకు రెండోదాని మీదే ఆధారపడి ఉంది. రెండోదానికి మాత్రం ర్యాంకుల జాబితాలు, హోర్డింగులు, రంగుల బ్రోచర్లు జవాబు చెప్పలేవు. వాటిలో స్టూడియో ఫొటో ఉంటుంది, మైకు పట్టుకుని నవ్వుతున్న అమ్మాయి ఉంటుంది, ప్లేస్‌మెంట్ శాతం ఉంటుంది. విద్యార్థి రాసిన వార్తను, అంటే కాపీని, ముందు పెట్టుకుని, వాక్యం వాక్యం చదివి దిద్దే మనిషి అక్కడ ఉన్నాడా లేడా అన్నది మాత్రం ఎక్కడా ఉండదు. ఈ చదువుకు ప్రాణం ఆ మనిషే.

డాక్టరుకు, వకీలుకు ఉన్నట్టు విలేకరికి మన దేశంలో లైసెన్సు లేదు. ఏ పట్టా లేకపోయినా పత్రికలో చేరొచ్చు, సొంతంగా యూట్యూబ్ చానల్ పెట్టుకోవచ్చు. తెలుగు పత్రికలకు దారి వేసినవాళ్లు జర్నలిజం కోర్సులు చదివి రాలేదు. 1908లో బొంబాయిలో 'ఆంధ్రపత్రిక' ప్రారంభించిన కాశీనాథుని నాగేశ్వరరావు అంతకుముందే అమృతాంజనం తయారుచేసి అమ్మిన వ్యాపారి. 'గోలకొండ పత్రిక' నడిపిన సురవరం ప్రతాపరెడ్డి న్యాయశాస్త్రం చదివారు. పల్లెల కష్టాల మీద రాసి 2007లో రామన్ మెగసెసే అవార్డు అందుకున్న పాలగుమ్మి సాయినాథ్ జేఎన్‌యూలో చదివింది చరిత్ర.

మరి కాలేజీ ఎందుకు? ఒకప్పుడు పత్రికాఫీసే బడి. కొత్తగా చేరిన కుర్రాడు రాసిచ్చిన వార్తను సీనియర్ సబ్ ఎడిటర్ పక్కన కూర్చోబెట్టుకుని కొట్టేసేవాడు, తిరగరాసేవాడు, ఎందుకు కొట్టేశాడో చెప్పేవాడు. ఇప్పుడు డెస్కుల్లో మనుషులు తగ్గారు, పని పెరిగింది. అదే సబ్ ఎడిటర్ పేజీ పెట్టాలి, వెబ్‌సైటుకు ఎక్కించాలి, మొబైల్ అలర్ట్ రాయాలి. కొత్తవాడి తప్పును వాడికే అర్థమయ్యేలా చెప్పే తీరిక దొరకడం కష్టమైపోయింది. తప్పు అలాగే అచ్చవుతుంది, లేదా మాటామంతీ లేకుండా చెత్తబుట్టలోకి పోతుంది. రెండు విధాలా కొత్తవాడు నేర్చుకునేది ఏమీ లేదు. ఆఫీసు వదిలేసిన ఆ పని ఇప్పుడు కాలేజీ చేయాలి. చేస్తోందా అన్నదే చూడాలి.

ఒక ప్రమాద వార్త, రెండు కాపీలు

దిద్దడమంటే అక్షరదోషాలు సరిచేయడం కాదు. ఒక ఉదాహరణ చూద్దాం. ఇది ఊహించి రాసిందే, కానీ ఇలాంటి కాపీ రాయని విద్యార్థి ఉండడు.

'మృత్యువు లారీ రూపంలో కబళించింది. అతివేగం ఇద్దరి ప్రాణాలను బలిగొంది. జాతీయ రహదారిపై శుక్రవారం జరిగిన ఘోర రోడ్డు ప్రమాదంలో ఇద్దరు యువకులు అక్కడికక్కడే దుర్మరణం పాలయ్యారు. స్థానికుల సమాచారం మేరకు పోలీసులు సంఘటనా స్థలానికి చేరుకుని కేసు నమోదు చేసుకుని దర్యాప్తు చేస్తున్నారు.'

రోజూ జిల్లా పేజీలో చదివే వార్తలాగే ఉంది కదా. పనితెలిసిన ఉపాధ్యాయుడు మొదటి వాక్యం మొత్తం కొట్టేస్తాడు. అందులో సమాచారం లేదు. 'అతివేగం' దగ్గర ఆగుతాడు. ఎవరు చెప్పారు? పోలీసులా, కళ్లారా చూసినవాళ్లా? వేగంగా వచ్చింది లారీనా, బైకా? ఎఫ్ఐఆర్‌లో ఏం రాశారు? 'అక్కడికక్కడే' దగ్గర మళ్లీ ఆగుతాడు. ఇద్దరూ రోడ్డు మీదే చనిపోయారా, ఒకరు ఆస్పత్రికి తీసుకెళ్తుంటే చనిపోయారా? 108కు ఫోన్ చేసింది ఎన్నింటికి, వచ్చింది ఎన్నింటికి? మధ్యలో ముప్పావుగంట పోయి ఉంటే అసలు వార్త అదే కావచ్చు. యువకులంటే ఎన్నేళ్లవాళ్లు? ఏ ఊరివాళ్లు? పేర్లు రాసేముందు ఇంటివాళ్లకు కబురు అందిందో లేదో కనుక్కున్నావా? అందకముందే పేర్లు బయటపెడితే, కన్నకొడుకు లేడన్న సంగతి ఆ తల్లికి వాట్సాప్‌లో తెలుస్తుంది. అదే మలుపులో నిరుడు ఎన్ని ప్రమాదాలు జరిగాయి? స్టేషన్‌లో రికార్డు ఉంటుంది, అడిగావా? అక్కడ డివైడర్‌ను ఎవరు తెరిచారు?

విద్యార్థి మళ్లీ బస్సెక్కి వెళ్లాలి. తిరిగొచ్చి రాసిన రెండో కాపీలో విశేషణాలు ఉండవు. ఊరి పేరు, సమయం, ఇద్దరి పేర్లు, వయసులు, ఎస్సై చెప్పిన మాట, లారీ డ్రైవర్ ఎక్కడున్నాడన్న సంగతి, పొలాలకు వెళ్లే దారి లేక ఊరివాళ్లు ఆ మలుపు దగ్గరే హైవే దాటుతున్నారన్న సంగతి ఉంటాయి. మొదటి కాపీ ఎవరి గురించైనా, ఎక్కడి గురించైనా రాయొచ్చు. రెండోది ఆ ఇద్దరి గురించి, ఆ రోడ్డు గురించి తప్ప రాయడానికి వీల్లేదు. ఈ రెండు కాపీల మధ్య జరిగిన పనికే ఫీజు కట్టాలి.

ఇది చాలా శ్రమతో కూడిన పని కాబట్టే చాలాచోట్ల జరగదు. లెక్క వేసి చూడండి. క్లాసులో ముప్పై మంది. వారానికి ఒక్కొక్కరు రెండు వార్తలు రాస్తే అరవై కాపీలు. ఒక్కోదానికి ఇరవై నిమిషాలు వేసుకున్నా ఇరవై గంటలు. పాఠాలు చెప్పే సమయం, పరీక్ష పేపర్లు దిద్దే సమయం దీనికి అదనం. శాశ్వత అధ్యాపకులు ఒకరిద్దరు మిగిలి, మిగతా క్లాసులన్నీ గంటకింత అని తీసుకున్న పార్ట్‌టైమ్ వారితో నడిచే విభాగంలో ఇది సాగదు. పార్ట్‌టైమ్ వారిని తప్పుపట్టడానికి లేదు. కాపీలు ఇంటికి మోసుకెళ్లి దిద్దినందుకు వారికి ఎవరూ పైసా ఇవ్వరు.

అందుకని అడ్మిషన్‌కు ముందే మొహమాటపడకుండా అడగండి. శాశ్వత అధ్యాపకులు ఎంతమంది? వారిలో పత్రికలోనో, రేడియోలోనో, టీవీలోనో పనిచేసినవారు ఎందరు? పీహెచ్‌డీ ఉండడం మంచిదే, సిద్ధాంతం తెలిసినవారు కావాలి. కానీ ఎన్నడూ డెడ్‌లైన్ మీద వార్త ఇవ్వనివారు, ఆ వార్త ఎక్కడ తేలిపోతుందో పట్టుకోవడం కష్టం. వృత్తిలో పండినవారిని పీహెచ్‌డీ లేకపోయినా 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్'గా తీసుకోవడానికి యూజీసీ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కాలేజీ దాన్ని వాడుకుందా? వాడుకుంటే వచ్చినవారు వారానికి ఎన్ని రోజులు వస్తున్నారు, లేక పేరు మాత్రం బ్రోచర్‌లో ఉందా?

పాత సంచికలు, కెమెరా రిజిస్టర్

వెబ్‌సైటు చూసి నిర్ణయించుకోవద్దు. ఒకసారి వెళ్లి రండి. ఆఫీసు గదిలో కూర్చోబెట్టి మాట్లాడితే కాసేపు విని, తర్వాత ల్యాబ్ జర్నల్ పాత సంచికలు చూపించమని అడగండి. విద్యార్థులే రాసి, పేజీలు పెట్టి తెచ్చే పత్రిక అది. సంచికలు బీరువాలో వరుసగా దొరికాయా, 'ఎక్కడో ఉండాలి' అన్నారా అన్నదే సగం జవాబు.

దొరికితే తేదీలు చూడండి. నెలకోటి వస్తోందా, తనిఖీ బృందం వచ్చే ముందు హడావిడిగా తెచ్చినవా? తర్వాత మొదటి పేజీ చదవండి. వైస్ చాన్సలర్ జ్యోతి వెలిగిస్తున్న ఫొటో, ముఖ్య అతిథి ప్రసంగం, సదస్సు ముగింపు... ఇవే నిండి ఉంటే అక్కడ ప్రెస్ నోట్ తిరగరాయడం నేర్పుతున్నారు. హాస్టల్ మెస్ బియ్యం గురించో, క్యాంపస్ వెనక బస్తీకి నీళ్లు రాని సంగతో, ఆఖరి బస్సు రద్దయి సాయంత్రం కాలేజీ ఆడపిల్లలు పడుతున్న ఇబ్బందో, పేర్లతో, మాటలతో ఉంటే అక్కడ ఎవరో పిల్లల్ని బయటికి పంపిస్తున్నారు. సొంత విశ్వవిద్యాలయం తప్పును సొంత ల్యాబ్ జర్నల్‌లో అచ్చువేయనిచ్చిన విభాగం కనిపిస్తే, మిగతా లోపాలు కొన్ని ఉన్నా అక్కడ చేరమనే నా సలహా.

స్టూడియో చూపిస్తారు. బాగుంటుంది. ఆ గదిని చూసి మురిసిపోకుండా, పరికరాలు ఇచ్చే రిజిస్టర్ ఏదైనా ఉందేమో అడగండి. కెమెరా, ట్రైపాడ్, రికార్డర్ ఏ తేదీన ఎవరికి ఇచ్చారో, ఎప్పుడు తిరిగొచ్చాయో అందులో విద్యార్థుల సంతకాలతో ఉంటుంది. పేజీలు నలిగి, సంతకాలతో నిండి ఉంటే మంచి గుర్తు. లక్షల రూపాయల కెమెరా అద్దాల బీరువాలో తాళం వేసి ఉంటే అది అతిథులు చూడడానికే.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో క్యాంపస్ రేడియో ఉంది, 'బోల్ హైదరాబాద్', 90.4 ఎఫ్ఎం. ఇలాంటిది ఉన్నచోట విద్యార్థికి శ్రోతలు దొరుకుతారు. తప్పు మాట్లాడితే ఎవరో ఒకరు ఫోన్ చేసి చెబుతారు. అదీ దిద్దుబాటే.

లాహోర్ నుంచి తార్నాక దాకా

తెలుగు నేలకు ఈ చదువు కొత్తదేం కాదు. అవిభక్త భారతంలో 1941లో లాహోర్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో జర్నలిజం విభాగం మొదలైంది. దేశ విభజనతో అది ఢిల్లీకి, ఆ తర్వాత చండీగఢ్‌కు చేరింది. మద్రాసు, కలకత్తా, మైసూరుల తర్వాత 1954లో ఉస్మానియాలో విభాగం ఏర్పడింది. పాత తరం విలేకరుల పేర్ల పక్కన కనిపించే బీసీజే, ఎంసీజే డిగ్రీలు ఇలాంటి విశ్వవిద్యాలయ విభాగాలు ఇచ్చినవే. ఇవాళ ఆంధ్ర, నాగార్జున, కాకతీయ విశ్వవిద్యాలయాల్లో, తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో, హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయంలో జర్నలిజం చదువుకోవచ్చు. ఉర్దూలో చదవాలంటే మౌలానా ఆజాద్ యూనివర్సిటీ ఉంది. ఇంగ్లిష్‌లోనైతే తార్నాక దగ్గరి ఇఫ్లూ, గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి.

సెంట్రల్ యూనివర్సిటీలో 1988లో మొదలైన సరోజినీ నాయుడు స్కూల్‌ది కాస్త వేరే దారి. అక్కడ వార్త రాయడం ఒక్కటే కాదు, మీడియాను పరిశోధించడం, సామాన్యుల చేతికి మైకు ఎలా వస్తుందో అధ్యయనం చేయడం కూడా చదువులో భాగం. కమ్యూనిటీ మీడియా మీద యునెస్కో పీఠం 2011 నుంచి అక్కడే ఉంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ ప్రాంతంలో దళిత మహిళలు 2008లో ప్రారంభించిన సంఘం రేడియో, చిత్తూరు జిల్లాలో పొదుపు సంఘాల మహిళలే విలేకరులై 2001లో తెచ్చిన 'నవోదయం' పత్రిక... ఇలాంటి ప్రయోగాల మీద ఆసక్తి ఉన్నవారికి ఆ తరహా చదువు సరిపోతుంది. రేపే డెస్కులో కూర్చోవాలనుకునేవారికి అదొక్కటే చాలదు.

ప్రవేశాల సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్, పలు కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ. నిబంధనలు ఏటా కొంత మారుతుంటాయి, నోటిఫికేషన్ స్వయంగా చదవండి.

రాష్ట్రం దాటి వెళ్లాలనుకునేవారు ఎక్కువగా మూడు పేర్లు చెబుతారు. ఢిల్లీలోని ఐఐఎంసీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్), చెన్నైలోని ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం, ఢిల్లీలోనే జామియాలోని మాస్ కమ్యూనికేషన్ కేంద్రం. ఐఐఎంసీ 1965లో కేంద్ర సమాచార శాఖ కింద మొదలైంది, 2024లో డీమ్డ్ యూనివర్సిటీ హోదా వచ్చింది. చెన్నై కాలేజీ 2000లో బెంగళూరు నుంచి అక్కడికి మారింది. అది ఇచ్చేది ఏడాది డిప్లొమా, ఎంఏ కాదు. రేపు నెట్ రాసి లెక్చరర్ కావాలన్న ఆలోచన ఉంటే ఈ తేడా ముందే తెలుసుకోవాలి. విలేకరి కావడమే లక్ష్యమైతే అదేమంత అడ్డు కాదు. పేదరికం, వివక్షల మీద రిపోర్టింగ్ నేర్పే 'కవరింగ్ డెప్రివేషన్' అన్న పాఠం అక్కడ అందరూ చదవాల్సిందే. అలాంటి పాఠం మన విభాగాలన్నింటిలో ఉండాలని నా కోరిక.

తెలుగులో దిద్దేవారు కావాలి

ఇక్కడ ఒక లోటు గురించి గట్టిగా చెప్పాలి. ఐఐఎంసీకి ఢెంకనాల్‌లో ఒడియా, కొట్టాయంలో మలయాళం, మహారాష్ట్రలోని అమరావతిలో మరాఠీ జర్నలిజం కోర్సులు ఉన్నాయి. ఢిల్లీలో ఉర్దూ ఉంది. తెలుగుకు ఆ చోటు దక్కలేదు. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు, తెలుగు సంపాదకులు కలిసి అడగాల్సిన విషయం ఇది.

మన విశ్వవిద్యాలయాల్లోనూ జర్నలిజం పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లిష్‌వి, పరీక్షలు చాలాచోట్ల ఇంగ్లిష్‌లో. చదివి బయటికొచ్చిన అమ్మాయి తెలుగు పత్రిక రాతపరీక్షకు వెళితే మొదట ఇచ్చేది ఏజెన్సీ వార్త, అనువాదం చేయమని. అందులో రిజర్వు బ్యాంకు రెపో రేటు ఉంటుంది, కోర్టు స్టే ఉంటుంది, తుపాను వాయుగుండం ఉంటుంది. రెండేళ్లు చదివినా ఆ పని ఒక్కసారీ చేయించని విభాగాలు ఉన్నాయి. యూనికోడ్ కీబోర్డు మీద తెలుగు టైపింగ్ రాదు. పాత డెస్కుల్లో వాడే అను ఫాంట్ల సంగతి అసలే తెలియదు. నేర్చుకోవడానికి నెల చాలు, కానీ ఆ నెల ఉద్యోగం దొరకాల్సిన నెల.

తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు ఇంగ్లిష్ క్లాసులో వెనకబెంచీలో ఒదిగి కూర్చుంటారు. ఊళ్లో ఎవరితోనైనా మాట కలిపి విషయం రాబట్టగలిగేది వాళ్లే. ఆ బలాన్ని మార్కుల్లోకి తెచ్చే చోటు వెతుక్కోవాలి. తెలుగులో రాసిన వార్తకు, ఫీచర్‌కు, సంపాదకీయానికి ప్రాక్టికల్ మార్కులు ఉన్నాయా? వాటిని చూసేది తెలుగు పత్రికలో పనిచేసినవారేనా? అదే సమయంలో ఇంగ్లిష్‌నూ వదలొద్దు. జీవోలు, కాగ్ నివేదికలు, కోర్టు తీర్పులు ఇంగ్లిష్‌లోనే ఎక్కువ. రెండు భాషల మధ్య తడబడకుండా నడిచేవారికి పత్రికల్లోనే కాదు, 2017లో మొదలైన బీబీసీ తెలుగు లాంటి చోట్ల, ఫ్యాక్ట్‌చెక్ సంస్థల్లో కూడా పని ఉంది.

దిద్దడం కచ్చితంగా జరిగే చోటు మరొకటి ఉంది. పత్రికా సంస్థలు సొంతంగా నడిపే జర్నలిజం స్కూళ్లు. 1974లో విశాఖపట్నంలో మొదలైన 'ఈనాడు' 1980ల చివర్లో జిల్లా టాబ్లాయిడ్లు తెచ్చింది. మండలం వార్త కూడా అచ్చులోకి వచ్చింది. అంత వార్త రాయడానికి, దిద్దడానికి తగినంతమంది మనుషులు విశ్వవిద్యాలయాల నుంచి రావడం అయ్యే పని కాదు. ఆ అవసరం నుంచే సంస్థల బడులు పుట్టాయి. ఈనాడు, తర్వాత ఇతర పెద్ద పత్రికలు నోటిఫికేషన్ ఇచ్చి, రాతపరీక్ష పెట్టి, ఎంపికైనవారికి స్టైపెండ్ ఇచ్చి నేర్పుతూ వచ్చాయి. ఫీజు కట్టలేని ఇంటి పిల్లలకు ఇది పెద్ద ఆసరా. రాసిన ప్రతి వాక్యాన్నీ రేపటి పేజీకి సరిపోతుందా అన్న కంటితో చూస్తారు.

అయితే రెండు సంగతులు తెలిసి చేరాలి. ఆ స్కూళ్లలో ఆ సంస్థ శైలి వస్తుంది, ఆ సంస్థ దృష్టి కూడా వస్తుంది. మీడియా యాజమాన్యాల గురించి, ప్రకటనలకూ వార్తలకూ మధ్య గీత గురించి, తెలుగు మీడియాలో పార్టీల నీడ గురించి నిర్మొహమాటంగా చర్చించే తరగతిని ఏ సంస్థ స్కూల్లోనూ ఆశించలేం. ఆ పని విశ్వవిద్యాలయమే చేయాలి. రెండోది, శిక్షణ తర్వాత కొన్నేళ్లు అక్కడే పనిచేయాలన్న ఒప్పందం ఉంటే సంతకం చేసేముందు ప్రతి పంక్తీ చదవాలి. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో కనుక్కోవాలి. నన్ను అడిగితే, వీలున్నవారు విశ్వవిద్యాలయంలో చదివి, తర్వాత ఒక సంస్థ స్కూల్లో ఏడాది నలగడం మంచిది.

సిలబస్‌లో ఒక చిన్న పరీక్ష

పిల్లల భద్రత గురించి భయపడే తల్లిదండ్రులకు ఒక మాట. విలేకరికి మొదటి కవచం చట్టం తెలిసి ఉండడం. సిలబస్ తెరిచి మీడియా చట్టాల పేపర్ చూడండి. పరువునష్టం అన్నచోట ఇంకా ఐపీసీ 499 అని ఉంటే ఆ సిలబస్‌ను 2024 జూలై 1 తర్వాత ఎవరూ ముట్టుకోలేదన్నమాట. ఆ రోజు అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇప్పుడది సెక్షన్ 356. అత్యాచార బాధితుల పేరు, ఆనవాళ్లు బయటపెట్టకూడదని చెప్పేది ఒకప్పుడు 228ఎ, ఇప్పుడు సంహితలో 72. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆర్టీఐలోని 8(1)(జె)ను మార్చింది. మండలాఫీసులో దరఖాస్తు పెట్టే విలేకరి ఇవన్నీ తెలుసుకుని వెళ్లాలి.

సెక్షన్లు బట్టీ పట్టించడం చదువు కాదు. ఊరి పేరు, తండ్రి వృత్తి, బడి పేరు రాసి, బాధితురాలి పేరు మాత్రం మార్చి వేస్తే ఊరంతా గుర్తుపట్టేస్తుంది. చట్టం దృష్టిలో అదీ నేరమే. అలాంటి కాపీలు నాలుగు తెచ్చి, ఏది వేయొచ్చు, ఏది వేయకూడదు, ఎందుకు అని వాదన పెట్టించే క్లాసు కావాలి. తీర్పులు చదివించాలి. 1994లో తమిళ పత్రిక నక్కీరన్ కేసులో వ్యక్తిగత గోప్యతకూ పత్రికా స్వేచ్ఛకూ హద్దు ఎక్కడో సుప్రీంకోర్టు చెప్పింది. రాసింది తెలుగువాడైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. మరుసటి ఏడాది గాలితరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పిన తీర్పులోనూ ఆయన రాసిన భాగం ఉంది. సంఘం రేడియో లాంటివి పుట్టడానికి చట్టపరంగా దారి అక్కడే పడింది. తెలుగు పిల్లలు జర్నలిజం చదువుతూ ఆ రెండు తీర్పులూ చదవకుండా బయటికి రాకూడదు.

ఇంటర్ తర్వాతా, డిగ్రీ తర్వాతా?

ఇంటర్ కాగానే మూడేళ్ల జర్నలిజం డిగ్రీలో చేరమని నేను తొందరపెట్టను. రాయడం నేర్పొచ్చు. రాయడానికి ఒక విషయం చేతిలో ఉండాలి. ఆర్థికశాస్త్రం చదివిన కుర్రాడికి బడ్జెట్ పుస్తకం భయపెట్టదు. వ్యవసాయ డిగ్రీ ఉన్న అమ్మాయి పత్తికి గులాబీ పురుగు ఎందుకు తిరిగొచ్చిందో రైతుతోనూ, శాస్త్రవేత్తతోనూ సమానంగా మాట్లాడగలదు. లెక్కలు వచ్చినవారు ప్రభుత్వ గణాంకాల్లో దాగిన వార్తను పట్టుకుంటారు. న్యాయశాస్త్రం సంగతి పైన చెప్పుకున్నాం. ముందు ఒక సబ్జెక్టులో డిగ్రీ, దాని మీద జర్నలిజం పీజీ, ఇది నాకు నచ్చిన వరస. డిగ్రీలోనే జర్నలిజం కావాలనుకుంటే ఎకనామిక్సో, పొలిటికల్ సైన్సో పక్కన ఉన్న కాంబినేషన్ తీసుకోండి. యానిమేషన్, అడ్వర్టైజింగ్, ఈవెంట్ మేనేజ్‌మెంట్ అన్నీ కలిపి మూడేళ్లలో కూరిన కోర్సులో వార్త రాయడానికి మిగిలే గంటలు ఎన్నో టైమ్‌టేబుల్ తీసుకుని లెక్కపెట్టండి.

అమెరికాలో చదివించే స్తోమత ఉన్నవారూ అడుగుతున్నారు. ప్రపంచంలోనే మొదటిదిగా చెప్పుకునే మిస్సోరి జర్నలిజం స్కూల్ 1908లో తరగతులు మొదలైన రోజునే విద్యార్థుల చేత పత్రిక తెప్పించింది. ఇప్పటికీ అక్కడ ఊరివాళ్లు కొని చదివే పత్రికకు పిల్లలు విలేకరులు, అధ్యాపకులే సంపాదకులు. ఆ పద్ధతి నేర్చుకోదగింది. కానీ చదువయ్యాక సాధారణంగా పనిచేసుకోవడానికి దొరికేది 12 నెలల ఓపీటీ. స్టెమ్ గుర్తింపున్న కోర్సుకైతే ఇంకో 24 నెలలు. కంప్యూటర్ సైన్సుకు వేసిన లెక్కతో అప్పు తెచ్చి జర్నలిజానికి వెళ్తే ఇంటి మీద భారం పడుతుంది.

జీతం గురించి సీనియర్లను అడగండి

ఉద్యోగం సంగతి దాచకుండా చెప్పుకోవాలి. మండలాల్లో కంట్రిబ్యూటర్‌గా చేరేవారికి చాలాచోట్ల నెలజీతం లేదు. అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే లైన్ అకౌంట్ ఉంటుంది, దానికి తోడు పండుగలకూ నాయకుల పుట్టినరోజులకూ ప్రకటనలు తెమ్మన్న ఒత్తిడి ఉంటుంది. ఉదయం ప్రకటన అడిగిన సర్పంచి మీద సాయంత్రం నిజం రాయడం ఎంత కష్టమో ఆ పనిచేసినవారికే తెలుసు. పత్రికల ఉద్యోగుల జీతాల మీద మజీఠియా వేజ్‌బోర్డు చేసిన సిఫార్సులను కేంద్రం 2011లో నోటిఫై చేసింది, 2014లో సుప్రీంకోర్టు సమర్థించింది. అయినా అమలు కోసం ఉద్యోగులు మళ్లీ కోర్టు మెట్లు ఎక్కారు. పీజీ చేసి పట్నంలో డెస్కులోనో, స్టాఫ్ రిపోర్టర్‌గానో చేరినవారి పరిస్థితి దీనికంటే మెరుగు. సాఫ్ట్‌వేర్‌తో పోల్చుకుని రావొద్దు.

'నూరు శాతం ప్లేస్‌మెంట్' అన్న కాలేజీని రెండేళ్ల కిందట చదివి వెళ్లినవారి వివరాలు అడగండి. నిన్న చేరినవారి గురించి కాదు. రెండేళ్ల తర్వాత కూడా ఈ వృత్తిలో ఎందరున్నారు, ఎక్కడున్నారు? వారిలో ఇద్దరితో మాట్లాడండి, ఒకరు అమ్మాయి అయితే మంచిది. ఎడిషన్ ముగిసేది అర్ధరాత్రి, ఆఫీసు క్యాబ్ ఇంటిదాకా వస్తుందా అన్నది బ్రోచర్‌లో ఉండదు, ఆ అమ్మాయే చెప్పాలి. ఇంటర్న్‌షిప్‌లో ఏం చేయించారని అడగండి. టీవీలో స్క్రోలింగ్ టైపు చేయించి సర్టిఫికెట్ ఇచ్చారా, బీట్ మీద రిపోర్టర్ వెంట పంపారా? పేరుతో వచ్చిన వార్తలు ఎన్ని? చివరగా, 'మీ కాపీ ఎవరు దిద్దేవారు?' అని అడగండి. వెంటనే ఒక పేరు చెప్పి, ఆ మాస్టారు తమ మొదటి కాపీని ఎలా కొట్టేశారో చెప్పడం మొదలుపెడితే ఆ కాలేజీ దరఖాస్తు నింపండి.

ప్రవేశ పరీక్షకు ఇంకా సమయం ఉంటే దాన్ని వృథా చేయొద్దు. ఉన్న ఊళ్లోనే ఒక పని పెట్టుకోండి. రేషన్ షాపు నెలలో ఏ రోజుల్లో తెరుస్తున్నారో చూసి, డీలర్‌తో, కార్డుదారులతో, తహసీల్దార్ కార్యాలయంలో మాట్లాడి మూడొందల పదాల్లో రాయండి. ప్రెస్ నోట్లను అనువదించే సాఫ్ట్‌వేర్ వచ్చేసింది గానీ, ఆ షాపు ముందు వరసలో నిలబడేది మనిషే. రాసినదాన్ని ఊళ్లో విలేకరికో, తెలుగు మాస్టారికో, లైబ్రరీలో రోజూ నాలుగు పేపర్లు చదివే పెద్దాయనకో ఇచ్చి, ఎర్రకలం చేతికివ్వండి. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు మొదటి కాపీ, దిద్దిన కాపీ రెండూ ఫైల్లో పెట్టుకుని వెళ్లండి.